డీజిల్ 8 రూపాయలు పెరిగితే ఎకరం వరికి నిజంగా పడేది ఎంత?

అడిగినది ఇది: పశ్చిమ గోదావరి డెల్టాలో 4 ఎకరాలు కౌలుకు చేస్తున్న వరి రైతు. డీజిల్ లీటరుకు 8 రూపాయలు పెరిగిందని చెప్పి నాట్లకు ముందు నీళ్లు పెట్టి చేను బురదగా కలిపే దమ్ము ట్రాక్టరుకు గంటకు 200, కోత మిషనుకు గంటకు 500 పెంచారు. ఈ లెక్క న్యాయమేనా, ఎకరానికి మొత్తం ఎంత భారం, ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఓ పాత ట్రాక్టరు కొనుక్కుంటే మేలా?

ముందు సూటిగా చెబుతాను. 8 రూపాయల పెరుగుదల వల్ల దమ్ము ట్రాక్టరు మీద గంటకు పడేది 45 నుంచి 50 రూపాయలు. బురదలోనూ నడిచే చైను పట్టాల కోత మిషను మీద 80. అంతకు మించి పెంచినదంతా డీజిల్ పేరు చెప్పి పెంచినదే గానీ డీజిల్ వల్ల కాదు. అలాగని ట్రాక్టరు యజమాని ఊరికే దోచుకుంటున్నాడని అనలేం, దాని సంగతి కింద చెబుతాను. కానీ రైతు చేతిలో లీటర్ల లెక్క లేకపోతే ఎవరు ఎంత చెబితే అంత ఇచ్చుకోవాల్సి వస్తుంది. మనం డీజిల్ కొనేది లీటర్లలో కాదు, గంటల్లో. నష్టం జరిగేది అక్కడే.

కాబట్టి ఎకరం వరి ఎన్ని లీటర్లు తాగుతుందో వేసుకుందాం. 45, 50 హెచ్‌పీ ట్రాక్టరు గొర్రుతో దున్నితే గంటకు 4 లీటర్లు తాగుతుంది. దమ్ము చక్రాలు కట్టి, తిరిగే కత్తులతో మట్టిని కలిపే రోటవేటరు వేస్తే 5 నుంచి 6. బల్ల లాగి చదును చేస్తే 4 లోపే. ఎకరానికి గొర్రు రెండు సాళ్లు గంటన్నర, అంటే 6 లీటర్లు. దమ్ము రెండుసార్లు కలిపి రెండు గంటలు, 11 లీటర్లు. చదునుకు అరగంట, 2 లీటర్లు. ఇక్కడికి 4 గంటలు, 19 లీటర్లు. కోతకు చైను మిషను గంటకు 9, 10 లీటర్లు తాగుతుంది. పంట నిలబడి ఉంటే ఎకరం గంటలో అయిపోతుంది. ధాన్యం గట్టు మీదకీ రోడ్డు మీదకీ చేర్చడానికి ట్రక్కు తిరుగుళ్లు ఇంకో 3 లీటర్లు. మొత్తం 32 లీటర్లు. నేలను బట్టి, నీటిని బట్టి ఇది 28కి తగ్గొచ్చు, 38కి పెరగొచ్చు. మీ చేలో ఎంతో మీరే ఒక సీజను రాసుకుంటే తేలిపోతుంది.

32 లీటర్ల మీద 8 రూపాయలంటే ఎకరానికి 256. సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, 30 బస్తాలు పండితే బస్తాకు ఎనిమిదిన్నర రూపాయలు. ఇది డీజిల్ వేసిన అసలు భారం. ఇప్పుడు పెంచిన రేట్లతో చూడండి: 4 గంటలకు 200 చొప్పున 800, కోతకు 500, మొత్తం 1,300. బస్తాకు 43 రూపాయలు. 256కీ 1,300కీ ఐదు రెట్ల తేడా. నాలుగెకరాలకు 5,200 అయింది. అది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదైతే ఐదు నెలల్లో ఇంకో 520. పంట రుణం పరిమితి ఎకరానికి ఇంత అని ఏడాదికి ఒకసారే ఖరారు చేస్తారు, సీజను మధ్యలో డీజిల్ పెరిగితే అది మారదు. కౌలు కార్డు లేక బ్యాంకు రుణమే అందని వాళ్లకు ఆ పరిమితితోనూ పని లేదు, మొత్తం బయటి అప్పే.

యజమాని వైపు లెక్క కూడా న్యాయంగా చూడాలి. ట్రాక్టరు, రోటవేటరు, దమ్ము చక్రాలు కలిపి 10 లక్షలు అనుకోండి. పదేళ్ల తర్వాత లక్ష వస్తుందనుకుంటే ఏడాదికి తరుగు 90 వేలు. సగటున ఐదున్నర లక్షల అప్పు మీద 10 శాతం వడ్డీ 55 వేలు. రెండూ కలిపి లక్షా 45 వేలు. ఆ బండి ఏడాదికి 1,000 గంటలు తిరిగితే ఇది గంటకు 145 పడుతుంది. 500 గంటలే తిరిగితే 290. దీనికి డ్రైవరు 120, ఆయిలు, టైర్లు, రిపేర్లు 120, డీజిల్ ఐదున్నర లీటర్లు 97 చొప్పున 533. వెయ్యి గంటలు తిరిగే బండికి గంట ఖర్చు 918, ఐదొందల గంటల బండికి 1,063. అంటే ఒకే ఊళ్లో ట్రాక్టర్లు ఎక్కువై ఒక్కో బండికి పని తగ్గితే, డీజిల్ పైసా పెరగకపోయినా గంటకు 145 రూపాయల భారం ఆయన మీద పడుతుంది. ఏళ్ల తరబడి అణచిపెట్టుకున్న ఈ భారాన్నంతా డీజిల్ పెరిగిన వారంలో ఒక్కసారిగా రేటులో కలుపుతారు. ఆ రోజు ఎవరూ కాదనరు కాబట్టి. పైగా రేటు ఎప్పుడూ వందల్లోనే పెరుగుతుంది, 50 పెంచడం అనేది ఊళ్లో ఉండదు. 2021 నవంబరులో కేంద్రం డీజిల్ మీద సుంకం 10 రూపాయలు తగ్గించింది, 2022 మేలో ఇంకో 6 తగ్గించింది. మీ ఊళ్లో దున్నకం రేటు ఆ రెండుసార్లలో ఎప్పుడైనా తగ్గిందేమో గుర్తు తెచ్చుకోండి.

అందుకే సీజను మొదట్లోనే రేటును డీజిల్ ధరకు ముడివేసి మాట్లాడుకోవడం మంచిది. లీటరు 97 ఉన్నప్పుడు గంటకు ఇంత అని ఒక మూల రేటు అనుకోవాలి. ఆపైన లీటరుకు రూపాయి మారితే దమ్ముకు గంటకు 6, గొర్రుకు నాలుగున్నర, చైను మిషనుకు 10, టైరు మిషనుకు 8 రూపాయలు మారాలి. పెరిగితే పెరగాలి, తగ్గితే తగ్గాలి. ఆ మార్పులో ఇంజనాయిలు ఖర్చు కూడా కలిసే ఉంది. యజమాని తరుగు, వడ్డీ పేరుతో విడిగా పెంచమంటే అది వేరే బేరం, ఆ మాట ఆయన వేరేగా అడగాలి. రెండూ కలిపి ఒకే అంకె చెప్పనివ్వకండి.

రెండో పద్ధతి, డీజిల్ మనదే పోసి బండి కూలి మాత్రం ఇవ్వడం. పైన చెప్పిన లెక్కలో డీజిల్ తీసేస్తే గంటకు 385 నుంచి 530 మధ్య ఖర్చు, దాని మీద ఆయన లాభం. ఈ పద్ధతి బాగుంటుంది గానీ కొలతలో జాగ్రత్త లేకపోతే రైతే మునుగుతాడు. పని మొదలుపెట్టే ముందు ట్యాంకు మూతి దాకా నింపాలి, పని అయ్యాక మళ్లీ మూతి దాకా నింపాలి, రెండోసారి పట్టినదే వాడకం. రెండుసార్లూ బండి ఒకే చదును నేల మీద ఉండాలి. ఒకసారి గట్టు ఏటవాలులో, ఒకసారి రోడ్డు మీద నింపితే రెండు, మూడు లీటర్లు తేడా వస్తుంది. నింపేటప్పుడు నురగ లేస్తుంది, రెండు నిమిషాలు ఆగి నురగ దిగాక మళ్లీ పోయాలి. ఆగి ఉన్న బండి ఇంజను ఆపకపోతే గంటకు దాదాపు లీటరు పోతుంది. టీకి వెళ్లినా, బోదె, అంటే చిన్న కాలువ, దాటించడానికి పలక కోసం ఎదురుచూసినా ఇంజను ఆపేయమని ముందే చెప్పండి.

గంటకు ఇంత అని ఇచ్చేవాళ్లు గమనించాల్సింది ఇంకోటి ఉంది. పాత ట్రాక్టర్లలో అవర్ మీటరు గడియారంలా నడవదు, ఇంజను చుట్లను బట్టి నడుస్తుంది. యాక్సిలేటరు ఎక్కువ ఇస్తే మీటరు త్వరగా తిరుగుతుంది. అంటే డ్రైవరు అవసరం లేకుండా ఇంజను గింగిరాలు తిప్పితే డీజిలూ ఎక్కువ తాగుతుంది, మీ బిల్లూ పెరుగుతుంది. కొత్త బండ్లలో ఎలక్ట్రానిక్ మీటరు అసలు సమయాన్నే చూపిస్తుంది. ఏ మీటరో తెలియకపోతే గంట లెక్క కంటే ఎకరం లెక్కే మేలు. చిన్న కమతాలకు ఎకరం లెక్క యజమానులు ఒప్పుకోరు, దానికీ కారణం ఉంది: 40 సెంట్ల మడిలో మలుపులకే నాలుగో వంతు సమయం పోతుంది.

ఇక లీటర్లు తగ్గించే సంగతి. ఇక్కడ రైతు చేతిలో ఉన్నది చాలామంది అనుకునే దానికంటే ఎక్కువ.

దమ్ము లోతు చూడండి. వరికి 4, 5 అంగుళాల బురద చాలు. రోటవేటరును 7 అంగుళాలకు దించితే గంటకు ఒకటిన్నర లీటరు అదనంగా తాగడమే కాదు, కింద ఉన్న గట్టి పొర విరుగుతుంది. ఆ పొర విరిగితే నీళ్లు ఇంకిపోతాయి, కోతల్లో మిషను దిగబడుతుంది. అలా దిగబడిన చేలో గంట పని రెండు గంటలవుతుంది. దమ్ములో అనవసరంగా దిగిన రెండు అంగుళాలకు నాలుగు నెలల తర్వాత కోత మిషను బిల్లులో మళ్లీ డబ్బు కట్టాల్సి వస్తుంది.

నీళ్లు కూడా అంతే. దమ్ముకు ఒక రోజు ముందు పెట్టి నేల బాగా నాననివ్వాలి, గడ్డలు వాటంతట అవే కరుగుతాయి. దమ్ము చేసేటప్పుడు పైన 2 అంగుళాలు మించి నీళ్లు ఉండకూడదు. మోకాలి కింద దాకా నీళ్లుంటే గడ్డలు రోటవేటరు కత్తులకు దొరక్కుండా జారిపోతాయి, మిట్టపల్లాలు కనిపించవు, మూడో దమ్ము చేయాల్సి వస్తుంది. వంతు నీళ్లు వచ్చిన రోజే ట్రాక్టరును దించేవాళ్లకు జరిగేది ఇదే. మూడో దమ్మంటే ఐదారు లీటర్లు. పైన వేసిన 8 రూపాయల పెరుగుదల మొత్తం 256 అయితే, ఆ ఒక్క దమ్ము ఖర్చు 500 పైన. ధర ఎంత పెరిగింది అని బాధపడే చోట ఎన్ని సాళ్లు తిరిగింది అని చూసుకుంటే ఎక్కువ మిగులుతుంది.

బండి దిగగానే మూడు చోట్ల చూడండి. ఒకటి పొగ. నల్లగా కమ్ముకుంటే గేరు తప్పు, లోతు ఎక్కువ, లేదా ఎయిర్ ఫిల్టరు పూడిపోయింది. ఆయిలు గిన్నె ఉండే ఫిల్టర్లలో దుమ్ము పనిలో రోజూ గిన్నె విప్పి చూడాలి, అడుగున మడ్డి చేరితే ఆయిలు మార్చాలి. రెండోది రోటవేటరు కత్తులు. అరిగి సన్నబడిన కత్తి కోయదు, నెడుతుంది. మూడోది కారుతున్న డీజిల్ పైపు. సెకనుకు ఒక చుక్క పడుతుంటే ఏమవుతుందిలే అనిపిస్తుంది. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు, గంటకు 3,600 చుక్కలు, 180 మిల్లీలీటర్లు. పది గంటల పనిలో 1.8 లీటర్లు బురద పాలు. ఫుల్ ట్యాంకు లెక్కలో అదీ మీ ఖాతాలోకే వస్తుంది. రోటవేటరును తిప్పే వెనక ఇరుసుకు, అంటే పీటీవోకు, కావాల్సిన నిమిషానికి 540 చుట్లు చాలా బండ్లలో 1,600 నుంచి 1,800 ఇంజను చుట్లకే వస్తాయి, ఆ గుర్తు మీటరు మీదే ఉంటుంది. దాన్ని దాటించి 2,200 తిప్పడం వల్ల దమ్ము బాగుపడదు.

కోతలో పెద్ద తేడా తెచ్చేది చేలో తడి. కోతకు 10 రోజుల ముందు నీరు తీసేసి నేల గట్టిపడితే టైరు మిషను దిగుతుంది, దాని గంట రేటు చైను మిషను కంటే తక్కువ. ఈ పని ఒక్క రైతు చేతిలో లేదన్నదీ నిజమే. మురుగు కాలువ గుర్రపుడెక్కతో పూడిపోయి ఉంటే ఎన్ని గండ్లు కొట్టినా నీరు దిగదు. నవంబరు, డిసెంబరు తుపాన్లకు పంట పడిపోతే మిషను ఒక వైపు నుంచే కోయగలదు, తిరుగు ప్రయాణం ఖాళీగా వస్తుంది, ఎకరానికి రెండు గంటలు పడుతుంది. అక్కడ డీజిల్ 10 లీటర్లు 18 అవుతాయి, బాడుగ రెట్టింపవుతుంది. మురుగు కాలువల పూడిక తీయించమని నీటి సంఘాన్ని అడగడం కూడా డీజిల్ ఖర్చు తగ్గించుకునే పనే.

శివారు ఆయకట్టు రైతు పరిస్థితి వేరు. కాలువ నీరు అందక మురుగు కాలువలోంచో బోదెలోంచో ఆయిలింజనుతో తోడుకునేవాళ్లకు పై లెక్క సరిపోదు. 5 హెచ్‌పీ ఇంజను గంటకు దాదాపు లీటరు తాగుతుంది. ఎకరానికి 2 అంగుళాల నీరంటే 205 ఘనపు మీటర్లు, అంటే 2 లక్షల 5 వేల లీటర్లు. సెకనుకు 12 లీటర్లు పోసే పంపుకు అది దాదాపు ఐదు గంటల పని. అయిదు లీటర్లన్నమాట. సీజనులో ఆరు తడులు తోడితే 30 లీటర్లు. ట్రాక్టరు, మిషను కలిపి తాగినంత డీజిల్ ఇంజను ఒక్కటే తాగేస్తుంది. అదే 8 రూపాయల పెరుగుదల ఆయనకు 256 కాదు, 500. ఇక్కడ ఒక చిన్న సవరణ పెద్ద ఆదా చేస్తుంది: డెలివరీ పైపు మూతిని గట్టు మీద నడుమెత్తున కట్టి నీళ్లు పై నుంచి దూకించడం చాలా చోట్ల కనిపిస్తుంది. నీటిని మీటరు పైకి ఎత్తి మళ్లీ కిందకు వదలడానికి డీజిల్ తగలేస్తున్నట్టే. మూడు మీటర్ల ఎత్తుకు తోడేచోట ఆ మీటరు తగ్గిస్తే అదే డీజిల్‌కు నీళ్లు గట్టిగా పెరుగుతాయి. పైపుకు వంకరలు తగ్గించండి, ఫుట్ వాల్వులో చెత్త తీయండి, బెల్టు జారుతుందేమో చూడండి. తడి పొడి పద్ధతి కూడా ఇక్కడే పనికొస్తుంది. చుట్టూ రంధ్రాలు పెట్టిన ప్లాస్టిక్ గొట్టాన్ని చేలో పాతి, లోపలి నీటి మట్టం నేల కంటే 15 సెంటీమీటర్లు కిందకు దిగాకే తడి పెట్టాలి. పూత దశలో మాత్రం ఇది వద్దు, అప్పుడు నీరు నిలిపే ఉంచాలి.

తెలంగాణ బోరు కింద రైతుకు ఈ బాధ లేదు. 2018 జనవరి నుంచి అక్కడ వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు, ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి ఉచిత కరెంటు. బీహారు, ఉత్తరప్రదేశ్‌లలో డీజిల్ పంపు మీద ఆధారపడిన రైతులతో పోలిస్తే మన దగ్గర నీటి ఖర్చు చమురు నుంచి చాలావరకు తప్పించుకుంది. మన దగ్గర చమురు దెబ్బ తగిలేది దున్నకంలో, కోతలో, రవాణాలో.

ఎరువుల దగ్గర లెక్క అంత సూటిగా ఉండదు. యూరియాకు ముడిసరుకు సహజవాయువు, మనం దిగుమతి చేసుకునే వాయువు ఒప్పందాల్లో చాలా వాటి ధర ముడిచమురుకు ముడిపడి ఉంటుంది. కానీ 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలే, ఎందుకంటే పెరిగినదంతా కేంద్రం సబ్సిడీగా భరిస్తుంది. 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లకు చేరింది. డీఏపీని కూడా 1,350 దగ్గర ఆపారు. ఆగనిది పొటాష్. 2022లో బస్తా 1,700కి వెళ్లింది. ఇక్కడ డెల్టా రైతుకు ఒక మాట చెప్పాలి. వరి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో కాదు, గడ్డిలో ఉంటుంది. టన్ను గడ్డిలో 15 కిలోలకు పైనే. ఎకరానికి రెండున్నర టన్నుల గడ్డి వస్తే దాదాపు 40 కిలోలు. 50 కిలోల బస్తాలో అసలు పొటాష్ 30 కిలోలే కాబట్టి ఇది ఒక బస్తా, పైన ఇంకో బస్తాలో మూడో వంతు, ఆ 1,700 ధరకు 2,200 రూపాయల పైన సరుకు. కట్టలు కట్టే మిషను వాళ్లకు గడ్డిని ఊరికే ఇచ్చేసేవాళ్లు ఈ అంకె దగ్గర పెట్టుకుని బేరం ఆడాలి. పశువులుంటే సరే, పేడ తిరిగి చేలోకే వస్తుంది.

కూలి కూడా చమురుతో పెరుగుతుంది. ఊడ్పు ముఠాలు పది, పదిహేను కిలోమీటర్ల నుంచి ఆటోల్లో వస్తాయి, ఆటో బాడుగ ఎకరం గుత్తలోనే కలుస్తుంది. రోజుకు రెండెకరాలు ఊడ్చే ముఠాను ఒకే రోజు పక్కపక్క చేలకు పిలిస్తే ఆ బాడుగ సగమవుతుంది.

ఖర్చు ఇలా పెరిగితే ధర పెరగదా అని అడుగుతారు. మద్దతు ధర సీజనుకు ముందు ఒకసారి ప్రకటిస్తారు, ఆ తర్వాత డీజిల్ ఎంత పెరిగినా ఆ ఏడాదికి అంతే. 2020 నవంబరులో ఢిల్లీలో లీటరు డీజిల్ 70 రూపాయల చిల్లర. 2021 నవంబరు మొదటి వారం నాటికి 98 దాటింది. హైదరాబాదులో అక్టోబరులోనే వంద దాటేసింది. ఆ మధ్యలో సాధారణ రకం వరి మద్దతు ధర 1,868 నుంచి 1,940కి, అంటే క్వింటాకు 72 రూపాయలు పెరిగింది. 30 బస్తాలంటే ఇరవై రెండున్నర క్వింటాళ్లు, ఎకరానికి అదనంగా వచ్చింది 1,620. అదే కాలంలో 32 లీటర్ల మీద లీటరుకు 28 చొప్పున డీజిల్ తీసుకుపోయింది 896. పెరిగిన మద్దతు ధరలో సగం పైన డీజిల్ ఒక్కటే మింగింది, ఎరువులు, కూలి లెక్కలోకి రాకముందే. కౌలు బస్తాల్లో ఖాయం చేసుకుంటారు కాబట్టి భూమి యజమానికి ధర పెరిగిన లాభం వస్తుంది, ఖర్చు పెరిగిన నష్టం రాదు. ఈ భారం మొత్తం కౌలు రైతు మీదే ఉంటుంది. ఇది సరిచేయకుండా కౌలు రైతుకు ఏం చేసినా అరకొరే అని నా గట్టి అభిప్రాయం.

ముడిచమురు పెరగడమే కారణం అనుకోవడమూ పూర్తి నిజం కాదు. 2014లో డీజిల్ మీద కేంద్ర సుంకం లీటరుకు 3 రూపాయల 56 పైసలు. ముడిచమురు కుప్పకూలిన 2020 మేలో అది 31 రూపాయల 83 పైసలకు చేరింది. రెండు తగ్గింపుల తర్వాత 2022 మేలో 15 రూపాయల 80 పైసలు. ఆంధ్రప్రదేశ్ వ్యాట్ 22.25 శాతం, పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు రూపాయి. తెలంగాణలో 27 శాతం. వ్యాట్ శాతంలో ఉంది కాబట్టి ముడిచమురు పెరిగినప్పుడు పన్ను కూడా దానంతట అదే పెరుగుతుంది. 2021 ఫిబ్రవరి నుంచి లీటరు డీజిల్ మీద 4 రూపాయలు వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు పేరుతోనే వసూలవుతున్నాయి. అప్పుడు మిగతా సుంకాలు తగ్గించి సర్దారు, బంకు ధర మారలేదు. కానీ రైతు 32 లీటర్లు వాడితే ఎకరానికి 128 రూపాయలు వ్యవసాయం పేరుతో రైతే కడుతున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో మరబోట్ల మత్స్యకారులకు 2019లో లీటరుకు 9 రూపాయల రాయితీ ఇచ్చారు, అది న్యాయమైన పని. అదే న్యాయం ఎకరానికి 30 లీటర్ల లెక్కన సాగుదారుకూ అడగవచ్చు. అడిగేటప్పుడు భూమి యజమాని పాసు పుస్తకం మీద కాదు, సాగు చేస్తున్న మనిషి పేరు మీద అడగాలి.

ఇదే ప్రశ్న మదనపల్లె టమాటా రైతు అడిగితే జవాబు మారుతుంది. అక్కడి నుంచి ఢిల్లీకి రెండు వేల కిలోమీటర్ల పైన. 16 టన్నుల లారీ లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే 500 లీటర్లకు పైనే, కిలోకు 3 రూపాయల డీజిల్. లీటరు 8 పెరిగితే కిలోకు 25 పైసలు. టమాటా 30 ఉన్నప్పుడు అది ఎవరికీ కనిపించదు. తోట దగ్గర 4 రూపాయలున్నప్పుడు కోత కూలి, ట్రే, కమీషను పోను మిగిలేది ఆ పావలాయే కావచ్చు. రవాణా ఖర్చు పంట ధరతో పాటు తగ్గదు, అందుకే ధర పడిన రోజే డీజిల్ దెబ్బ గట్టిగా తగులుతుంది. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి దక్షిణాదిలో మొదటి కిసాన్ రైలు కదిలింది. పండ్లు, కూరగాయలకు చార్జీలో సగం కేంద్రం భరించింది. దూరం సరుకుకు లారీ కంటే రైలే దారి.

చమురు పెరిగితే అందరికీ నష్టమే అని కూడా అనలేం. ఇండోనేషియా 2020 నుంచి డీజిల్‌లో 30 శాతం, 2023 నుంచి 35 శాతం, 2025 నుంచి 40 శాతం పామాయిలుతో చేసిన డీజిల్ కలుపుతోంది కాబట్టి ముడిచమురు పెరిగితే పామాయిలు గిరాకీ కూడా పెరుగుతుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం, ఇండోనేషియా ఎగుమతి నిషేధం కూడా తోడై పామాయిలు గెలల ధర టన్ను 20 వేలు దాటినప్పుడు ఏలూరు, అశ్వారావుపేట వైపు రైతులు ఆ లాభం చూశారు. గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లకు చమురు ధర ఇంకోలా తగులుతుంది. 2014 తర్వాత చమురు పడిపోయినప్పుడు సౌదీలో పనులు ఆగి వేలమంది జీతాల్లేక తిరిగొచ్చారు. గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లిన వాళ్లు పంపే డబ్బుతోనే పెట్టుబడి పెట్టే చేలు ఎన్నో ఉన్నాయి.

చివరి ప్రశ్న, పాత ట్రాక్టరు. మీకు 4 ఎకరాలు, రెండు పంటలు, ఎకరానికి 4 గంటలు. ఏడాదికి 32 గంటల పని. మూడున్నర లక్షలు పెట్టి పాత బండి కొంటే 12 శాతం వడ్డీ 42 వేలు. 32 గంటలకు పంచితే గంటకు 1,300. డీజిల్ పోయకముందే, తాళం తిప్పకముందే బాడుగ రేటు దాటిపోయింది. కొనవద్దు. దానికి బదులు పక్క చేల కౌలు రైతులు ఐదుగురు కలిస్తే 20 ఎకరాలు, పంటకు 80 గంటల పని. యజమానికి బండి ఒక చేను నుంచి ఇంకో చేనుకు తిప్పే సమయం, రోజూ దమ్ము చక్రాలు ఊడదీసి టైర్లు ఎక్కించే శ్రమ మిగులుతాయి. పైన చూసినట్టు ఆయన అసలు బాధ గంటలు తక్కువ కావడమే కాబట్టి, 80 గంటలు వరుసగా ఒకే చోట ఇస్తామంటే పెంచిన 200లో 150 వదులుకోవడానికి ఆయనకూ లెక్క కుదురుతుంది. ఈ బేరం మే నెలలోనే కుదుర్చుకోండి. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలి ఊరంతా ఒకేసారి ట్రాక్టరు కోసం తిరిగేటప్పుడు ఎవరూ రేటు తగ్గించరు.